మావాడు అలాంటివాడు కాదండీ

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో నలుగురు తెలుగువాళ్లు కలిసి భోంచేసే చోట ఫెంటనిల్ అనే మత్తుమందు మాట ఒకసారి ఎత్తి చూడండి. గ్రీన్‌కార్డు వరుస మీద, ఇళ్ల ధరల మీద, హైదరాబాద్ చుట్టూ ఏ రోడ్డు పక్కన ప్లాటు కొనాలన్న దాని మీద గంటన్నర ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడిన పెద్దమనిషి ఉన్నట్టుండి గోంగూర గిన్నె ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. ఆయన భార్య అందుకుంటుంది: “మావాడు అలాంటివాడు కాదండీ.” అంతే, ఆ సంగతి అక్కడితో ముగిసింది. పెరుగు వడ్డిస్తారు.

ఈ ‘అలాంటివాడు’ ఎలా ఉంటాడో చూడాలని నాకు మహా కుతూహలం. వాడికి ఒంటి నిండా పచ్చబొట్లుంటాయట. చదువు అబ్బదట. అమ్మానాన్నా విడిపోయి ఉంటారట. మరీ నిలదీస్తే “ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలండీ” అని గొంతు తగ్గిస్తారు. అలా అన్నవారి పిల్లలిద్దరూ అక్కడే పుట్టారన్న సంగతి ఎవరూ గుర్తు చేయరు, మర్యాద కాదు కదా. మనవాడి సంగతి వేరు. స్పెల్లింగ్ పోటీలో బహుమతి తెచ్చాడు, ఆదివారం గుడికి వస్తాడు, పెద్దవాళ్లు కనపడితే కాళ్లకు దండం పెడతాడు. కనుక ఫెంటనిల్ వాడి జోలికి రాదు.

ఏర్పాటు బాగానే ఉంది. మాత్రకు మాత్రం ఈ విషయం ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయినవారు 2019లో 492 మంది. 2020లో 954 మంది. ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపు. ఆ ఏడాది పిల్లలందరూ కట్టగట్టుకుని చెడిపోయారా అంటే, లేదు. మత్తు వాడే పిల్లల సంఖ్య పెరగలేదని అక్కడి సర్వేలే చెప్పాయి. పిల్లలు చెడిపోలేదు, సరుకు చెడింది. 2019 జూలై నుంచి 2021 చివరిదాకా 10 నుంచి 19 ఏళ్లవారి మరణాలను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరిశీలిస్తే, నూటికి 84 మరణాల్లో దొంగచాటుగా తయారైన ఫెంటనిల్ ఉంది. నాలుగింట ఒక మరణంలో నకిలీ మాత్రల ఆనవాళ్లు దొరికాయి. మూడింట దాదాపు రెండు వంతుల పిల్లలకు అంతకుముందు ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి మందులు, వాడిన దాఖలాయే లేదు. అంటే వాళ్లూ ‘అలాంటివాళ్లు’ కారు. ఆ లెక్కల్లో ‘తెలుగు’ అనే గడి లేదు కాబట్టి మనవాళ్లెవరూ లేరని హాయిగా నమ్మవచ్చు. నమ్మకానికి కస్టమ్స్ సుంకం కూడా లేదు.

అసలు ఈ ఫెంటనిల్ పుట్టుకతో దుర్మార్గురాలేమీ కాదు. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన నొప్పి మందు. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు దీన్ని మైక్రోగ్రాముల్లో కొలిచి ఎక్కిస్తాడు. పక్కన ఊపిరిని కనిపెట్టే యంత్రం ఉంటుంది, ఆగితే అందించే గొట్టం ఉంటుంది. మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు, హెరాయిన్ కంటే 50 రెట్లు ఘాటైనది. అలవాటు లేని మనిషిని చంపడానికి రెండు మిల్లీగ్రాములు చాలు. మనవాళ్లకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, డోలో 650 మాత్రలో ఉన్న మందులో 325వ వంతు. మెక్సికోలోని సినలోవాలో గుడిసెలో కూర్చుని దీన్ని కొలిచేవాడికి మైక్రోగ్రాము తూనిక లేదు, ఊపిరి యంత్రం లేదు. వాడి దగ్గరున్నది గమేళా, పార, మాత్రలు ఒత్తే మిషను.

అక్కడి ముఠాల వ్యాపార దక్షతను మాత్రం మెచ్చుకోవాల్సిందే. నల్లమందు పండించాలంటే కొండలు కావాలి, వానలు కావాలి, కూలీలు కావాలి. దీనికి రసాయన డబ్బాలు చాలు. చైనా నుంచి వస్తాయి. 2019లో చైనా ఫెంటనిల్ జాతి మొత్తాన్నీ నియంత్రణలోకి తెచ్చింది. దాంతో తయారైన మందు బదులు ముడిసరుకు మెక్సికోకు పోవడం మొదలైంది. ఆ పొడిలో చవక పిండి ఏదో కలిపి, నీలం రంగు వేసి, ఒకవైపు ‘ఎం’, రెండోవైపు ‘30’ అని అచ్చు గుద్దితే ఆక్సికోడోన్ అనే నొప్పి మాత్ర తయారు. తెల్లటి కడ్డీలా ఒత్తితే ఆందోళన తగ్గించే జానాక్స్. నారింజ రంగు వేస్తే చదువుకునే పిల్లల అడెరాల్. అసలు మాత్రను తయారుచేసిన కంపెనీవాడి ముందు పెట్టినా కంటితో చూసి తేడా పట్టుకోలేడు.

కలపడంలోనే ఉంది అసలు విద్య. పెళ్లి లడ్డూల్లో జీడిపప్పు సంగతి మీకు తెలియంది కాదు. ఒకడి లడ్డూలో నాలుగు పలుకులు పడతాయి, పక్కవాడు వేళ్లతో చిదిమి చూసినా ఒక్కటి కనపడదు. ఈ మాత్రలూ అంతే. ఒకే సంచిలోంచి తీసిన రెంటిలో ఒకటి మింగినవాడు తెల్లారి కాలేజీకి పోతాడు, రెండోది మింగినవాడు పోతాడు. అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ డీఈఏ 2023లో పరీక్షించిన నకిలీ మాత్రల్లో పదింట ఏడింటిలో చావు మోతాదు ఉంది. 2024లో పదింట అయిదింటిలో. ఇది మెరుగుదల అని అధికారులు సంతోషించారు. నాణేన్ని ఎగరేసి బొమ్మ పడితే బతుకుతావు, బొరుసు పడితే చస్తావు అనే స్థాయికి సరుకు మెరుగైంది మరి. 2023లో ఆ సంస్థ పట్టుకున్న ఫెంటనిల్ మాత్రలు దాదాపు 8 కోట్లు. పట్టుబడనివాటి లెక్క శవాల గదుల్లో చూసుకోవాలి.

డబ్బుంటే మంచి సరుకు దొరుకుతుందిలే అనుకునేవారికి ఒక మాట. ప్రిన్స్ అనే గాయకుడికి డబ్బు తక్కువేం కాదు. 2016లో ఆయన మింగింది వైకోడిన్ అనే నొప్పి మాత్ర అనుకున్నాడు, లోపల ఫెంటనిల్ ఉంది. 2018లో అలాగే పోయిన మ్యాక్ మిల్లర్ అనే గాయకుడికి 26 ఏళ్లు, అమ్మినవాడు ఆక్సికోడోన్ అన్నాడు. కోటీశ్వరులకే అసలు సరుకు అమ్మని బజారు, అసిస్టెంట్‌షిప్ డబ్బుతో నెట్టుకొచ్చే మన ఎం.ఎస్. కుర్రవాడికి ప్రత్యేకంగా అట్టిపెట్టి ఇస్తుందని ఆశ!

ఆ కుర్రవాడి గురించే నా బాధ. వాడు పబ్బులకు పోయే రకం కాదు, తాగడు, పొగ తాగడు. రాత్రి పెట్రోలు బంకులో చాటుమాటు ఉద్యోగం, పొద్దున క్లాసు, మధ్యలో ప్రాజెక్టు. రేపు పరీక్ష. నిద్ర ముంచుకొస్తోంది. పక్క గది మిత్రుడు “ఒక్క అడెరాల్ వేసుకోరా, తెల్లవార్లూ చదువుతావు” అంటాడు. అది మత్తు అని వాడికి తోచనే తోచదు, చదువు కోసం కదా. 2022 మే నెలలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు పోయారు. ఫెంటనిల్ కలిసిన నకిలీ అడెరాల్ తిరుగుతోందని యూనివర్సిటీ పిల్లలకు హెచ్చరిక పంపింది. అదే ఏడాది అక్టోబరులో అసలు అడెరాల్‌కే కొరత వచ్చిందని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. షాపులో దొరకని మాత్ర హాస్టల్లో పుష్కలంగా ఎలా దొరుకుతోందో అడగాలన్న తెలివి, నాలుగు పరీక్షలు మీద పడ్డవాడికి ఎక్కడ నుంచి వస్తుంది?

పైగా మనది మాత్రల్ని నమ్మిన జాతి. జ్వరమొస్తే డాక్టరు దాకా ఎందుకు, మెడికల్ షాపు అబ్బాయే మన ఎం.డి. “మొన్న నాకు దీనితోనే తగ్గింది, నువ్వూ వేసుకో” అని చేతిలో మాత్ర పెట్టే పిన్ని ప్రతి ఇంట్లో ఉంది. చీటీ చూపకుండా యాంటీబయోటిక్ కొనడం మన ప్రాథమిక హక్కు. కొడుకు అమెరికా వెళ్తుంటే ఆవకాయ సీసా పక్కన ఏడాదికి సరిపడా మందులు సర్ది పంపుతాం. ఒకరి మాత్ర ఒకరు మింగడం మనకు ఆత్మీయత. ఇన్నేళ్లు ఆ పాఠం నేర్పి, పరాయి దేశంలో స్నేహితుడు చేయి చాపి మాత్ర ఇస్తే “ఛీ, నాకొద్దు” అంటాడని ఎదురుచూస్తున్నాం.

ఆ స్నేహితుడికి సరుకు ఎక్కడిదంటారా? ఫోనులోదే. అరటిపండు బొమ్మ పెడితే ఒక మాత్ర, చాక్లెట్ బొమ్మ పెడితే ఇంకోటి, కరెంటు ప్లగ్గు బొమ్మ ఉన్నవాడు అమ్మేవాడు. పిజ్జా కంటే ముందే గుమ్మంలోకి వస్తుంది. చదివిన కబురు చదివినట్టే మాయమయ్యే యాప్ ఉండగా పోలీసు భయం దేనికి? పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు 2022లో స్నాప్‌చాట్ కంపెనీ మీద కాలిఫోర్నియాలో దావా వేశాయి. కంపెనీ జవాబు ఊహించారుగా: మాది అలాంటి యాప్ కాదండీ. జనం ఏం రాసుకున్నా వేదికది పూచీ కాదని చెప్పే 1996 నాటి చట్టాన్ని అడ్డం పెట్టుకుంది. 2024 జనవరిలో లాస్ ఏంజెలెస్ జడ్జి దావాలో ప్రధాన ఆరోపణలను కొట్టేయడానికి ఒప్పుకోలేదు. అదే నెలాఖరున సెనేట్ విచారణలో ఆ కంపెనీ అధిపతి ఇవాన్ స్పీగెల్ తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పాడు. అది కూడా సెనేటర్ సూటిగా అడిగాక. మీరు బూట్లు కొనాలనుకున్న సంగతి మీకంటే ముందే పసిగట్టే యంత్రాలకు పదిహేనేళ్ల పిల్లవాడు మాత్రలు కొంటున్న సంగతి మాత్రం అంతుబట్టలేదట.

ఇక రాజ్యం వారి పరాక్రమం. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఫెంటనిల్ పేరు చెప్పి కెనడా, మెక్సికో, చైనా సరుకుల మీద సుంకాల యుద్ధం ప్రకటించింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో కెనడా సరిహద్దున పట్టుబడ్డ ఫెంటనిల్ మొత్తం 43 పౌన్లు, అంటే 20 కిలోలు కూడా లేదు. మన విద్యార్థి విమానంలో వేసే ఒక్కో పెట్టెకు 23 కిలోల దాకా ఒప్పుకుంటారు. మెక్సికో వైపు పట్టుబడింది 21,000 పౌన్ల పైచిలుకు. అది మోసుకొచ్చేవాళ్లెవరని చూస్తే, ఫెంటనిల్ రవాణా కేసుల్లో 2021లో శిక్షపడినవాళ్లలో నూటికి 85 మందికి పైగా అమెరికా పౌరులే. అయినా కెనడా కలప మీద సుంకం పెంచితే ఒహాయోలో పిల్లవాడి ఊపిరి నిలబడుతుందని లెక్క కట్టినవారి గణితానికి దండం పెట్టాలి.

టెక్సస్ పెద్దల సంగతి ఇంకా ముచ్చట. మనవాళ్లు ఇళ్లు కట్టుకుని, గుళ్లు కట్టుకుని స్థిరపడ్డ రాష్ట్రం కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మాత్రలో ఫెంటనిల్ ఉందో లేదో చూసే కాగితపు పట్టీలున్నాయి. ఖరీదు ఒక డాలరు, అటూ ఇటూ. మాత్రను నలిపి నీళ్లలో కలిపి ముంచితే గీత చెబుతుంది. అదీ పూర్తి హామీ కాదు, కానీ ఏమీ లేనిదానికన్నా నయం. టెక్సస్ చట్టంలో ఈ కాగితం మత్తుమందు సామగ్రి కింద లెక్క, దగ్గర ఉంటే నేరం. 2023లో దీన్ని నేరం జాబితాలోంచి తీసేద్దామన్న బిల్లును అక్కడి ప్రతినిధుల సభ భారీ మెజారిటీతో ఆమోదించింది. సెనేట్‌లో అది అటకెక్కింది. ఇలాంటివి ఇస్తే పిల్లలు చెడిపోతారన్నది వాటిని వద్దనేవారి భయం. నిజమే, చచ్చిపోయిన పిల్లవాడు చెడిపోయే ప్రమాదం బొత్తిగా లేదు.

మన వాట్సాప్ మామయ్యలు కూడా ప్రజాసేవలో వెనకబడలేదు. ఫెంటనిల్ ముట్టుకుంటే చాలు పోలీసు కుప్పకూలాడన్న వీడియో పంపనివాడు లేడు. చర్మానికి పొడి తగిలినంత మాత్రాన ప్రాణం పోదని అమెరికా విషవైద్యుల సంఘం 2017లోనే చెప్పింది. ఆ వీడియో చూసి జడిసినవాడు రేపు కళ్లముందు ఒక కుర్రవాడు పడిపోతే ముట్టుకోవడానికి వెనకాడతాడు. ఫార్వర్డ్ చేసిన చేతికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇదంతా అక్కడి గొడవ, మనకెందుకు అంటారా? 2025 మార్చిలో వాషింగ్టన్‌లో అమెరికా ప్రభుత్వం ఒక మందుల కంపెనీ మీద, దాని అధికారుల మీద కేసు పెట్టింది. ఫెంటనిల్ తయారీకి వాడే ముడిరసాయనాన్ని అక్రమంగా అమ్మారని ఆరోపణ. ఆ కంపెనీ ఊరు హైదరాబాద్. ఆరోపణ ఆరోపణే, రుజువైనట్టు కాదు. కానీ ఆ వార్త వచ్చిన రోజు మన వీధుల్లో వినపడ్డ మాట మాత్రం పాతదే: మనవాళ్లు అలాంటివాళ్లు కాదండీ.

ఇంకా దగ్గరకు రమ్మంటే వస్తాను. అక్కడ నకిలీ కడ్డీల మీద అచ్చు గుద్దే జానాక్స్ అనే మందు పేరు అల్ప్రాజోలం. తెలంగాణలో కల్లు తాగేవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. చెట్టు కల్లు చాలక నీళ్లలో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి కల్లని పోసే వ్యాపారం ఏళ్ల తరబడి సాగుతోంది. అది మానేస్తే ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల్లో పడేవాళ్లను డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కూలి పని చేసుకునేవాళ్లు, ముసలివాళ్లు కాబట్టి ‘తాగుబోతులు’ అని ఒక్కమాటలో తేల్చాం. తాగినవాడికి తాను ఏం తాగుతున్నాడో తెలియదు, పోసినవాడికి ఎంత పోశాడో తెలియదు. సినలోవా గుడిసెకూ మన కల్లు కాంపౌండుకూ మధ్య తేడా సముద్రం ఒక్కటే.

నాకు అన్నిటికంటే మింగుడుపడనిది మరోటి. సీడీసీ చూసిన ఆ పిల్లల మరణాల్లో మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఎవరో ఒకరు దగ్గర్లోనే ఉన్నారు. పక్క గదిలోనో, అదే ఇంట్లోనో. ఫెంటనిల్ మెదడులో ఊపిరికి తాళం వేస్తుంది. మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు. గొంతులో గురగుర వినిపిస్తుంది, అది గురక అనుకుంటారు. “పాపం, రాత్రంతా చదివాడు, పడుకోనీ” అని తల్లి తలుపు దగ్గరగా వేసి వెళ్తుంది. పెదవులు నీలం తిరగడం, కంటిపాపలు సూదిమొనంత కావడం చీకట్లో ఎవరికి కనపడుతుంది?

స్నేహితులుంటే మాత్రం? మన కుర్రాళ్ల గదిలో ఒకడు లేవకపోతే మొదట ఫోను అత్యవసర నంబరు 911కు వెళ్లదు. ఎఫ్-1 విద్యార్థి వీసా గుర్తొస్తుంది. పోలీసులు వస్తారు, గది వెతుకుతారు, దేశం నుంచి పంపేస్తారు, నాన్న తీర్చాల్సిన అప్పు నలభై లక్షలు. చన్నీళ్లు చల్లుతారు, కాఫీ పడతారు, హైదరాబాద్‌లో ఉన్న డాక్టరు బావకి వీడియో కాల్ చేస్తారు. ప్రాణం నిలపాలని ఫోను చేసినవాడిని మత్తు దగ్గరున్న నేరం మీద పట్టుకోకూడదని చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. షరతులు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి, వీసా భయం ఉత్తి భ్రమ కూడా కాదు. కానీ వీసా పోయినవాడు విమానంలో సీట్లో కూర్చుని ఇంటికి వస్తాడు. శవపేటికలో ఇంటికి రావడానికి ఎన్ని చందాలు పోగుచేయాలో మన సంఘాలకు తెలుసు. సంతాప సందేశంలో మాత్రం ‘హఠాత్తుగా గుండె ఆగి’ అని రాస్తాం. గుండె ఆగకుండా పోయినవాడెవడు?

2023లో అమెరికాలో మోతాదు మించి పోయినవాళ్లు 1,05,000 మంది. 2024లో ఆ సంఖ్య 80,000 దగ్గరకు దిగింది. దిగడానికి చెప్పే కారణాల్లో ఒకటి నాలోక్సోన్ అనే మందు జనానికి చేరడం. ముక్కులో కొట్టే స్ప్రే. ఫెంటనిల్ వేసిన తాళాన్ని తీసి రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది. 2023 నుంచి చీటీ లేకుండా ఫార్మసీలోనూ సూపర్‌మార్కెట్‌లోనూ అమ్ముతున్నారు. రెండు డోసుల పెట్టె బజారులోకి వచ్చినప్పుడు 45 డాలర్లు. చాలాచోట్ల ఆరోగ్య శాఖలు, యూనివర్సిటీలు ఊరికే ఇస్తాయి. పడిపోయింది ఫెంటనిల్ వల్ల కాకపోయినా దీనివల్ల కీడు లేదు. దీని ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో దిగిపోయి ఊపిరి మళ్లీ ఆగవచ్చు కాబట్టి 911కు ఫోను చేయడం మాత్రం తప్పదు.

పిల్లల్ని అమెరికాలో చదివిస్తున్నవాళ్లు, అక్కడే పెంచుతున్నవాళ్లు రెండు పనులు చేయండి. షాపులో మందులవాడు సీసాలో పోసి ఇవ్వని మాత్ర ఏదైనా, ఎవరు ఇచ్చినా, నకిలీదే అనుకోమని పిల్లవాడికి ఈ వారమే చెప్పండి. ఏ పొరపాటు జరిగినా ముందు 911కు, తర్వాత నాకు ఫోను చెయ్యి, తిట్టనని కూడా చెప్పండి, చెప్పాక నిజంగానే తిట్టకండి. రెండోది, ఆ నాలోక్సోన్ పెట్టె ఒకటి కొని ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి, ఒకటి హాస్టల్‌కు పంపండి. ఊపిరి ఆగాక మెదడు దెబ్బతినకుండా ఓర్చుకునేది నాలుగైదు నిమిషాలు. అంబులెన్స్ అంతకంటే ముందే గుమ్మంలోకి రావడం అరుదు.